ఠాణాకు యోగ్యతాపత్రము

(తోటపల్లి గూడూరులో రైతులు, మత్స్యకారులు, మహిళాసంఘ సభ్యులు కూడిన సభలో సమాచారశాఖ ప్రచారాధికారి చేసిన ప్రసంగపాఠము)



నేడు మేము మీతో ముచ్చటింప వచ్చినది పోలీసు ఠాణాను గూర్చి. అయినను విత్తనముతో మొదలుపెట్టెదము. నారు పోయుటకు ముందు విత్తనపు సంచి కొనునపుడు మీరు మొట్టమొదట చూచునది ఏది? సంచిమీది బొమ్మ కాదు, అంగడివాని మాటయు కాదు. సంచిమూతికి కుట్టియున్న నీలిరంగు చీటీని చూచెదరు. 1966 నాటి విత్తనముల చట్టము ననుసరించి ఆ చీటీని ఇచ్చునది విత్తనము నమ్మువాడు కాదు. పొలమునకు వచ్చి పైరును చూచి, గింజను మొలకెత్తించి పరీక్షించిన వేరొక సంస్థ దానిని ఇచ్చుచున్నది. అట్లే, రొయ్యపిల్లను గుంటలో వదలుటకు ముందు పరీక్షశాలకు పంపు రైతులు మీలో ఎందరో కలరు. పిల్లను అమ్మినవాడు మంచిదనినంత మాత్రమున ఎవరును నమ్మరు గదా!

పైరుకును, రొయ్యకును అడుగు ఈ ప్రశ్నను పోలీసు ఠాణాకు ఏల అడుగరాదు? ఒక ఠాణా చక్కగా పనిచేయుచున్నదని చెప్పవలసినవారెవరు? దేనిని చూచి చెప్పవలెను? ఆ మాటకు గడువు ఎంతకాలము? ఈ ప్రశ్నలకు సమాధానముగా వచ్చినదే యోగ్యతా గుర్తింపు అను పద్ధతి. దాని మేలును, దాని హద్దును రెండింటిని మీకు విన్నవించెదము.

ముందుగా మేము కన్నులార చూచిన ఒక సంగతి. కొన్ని సంవత్సరముల క్రిందట ఈ సముద్రతీరముననే ఒకానొక గ్రామమునకు పనిమీద పోయియుంటిమి. ఊరి పేరుగాని, ఠాణా పేరుగాని చెప్పము. కౌలుకు చిన్న గుంట తీసికొన్న రైతొకడు మా యొద్దకు వచ్చెను. రాత్రికి రాత్రి అతని గుంటమీది ఏరియేటరు మోటార్లు రెండు పోయినవి. నీటిలో గాలి చాలక తెల్లవారుసరికి రొయ్య పైకి తేలినది. అతడు పరుగున మొదటి ఠాణాకు పోగా, "గుంట కాలువకు అవతల ఉంది, మా లిమిటు కాదు, ఆ స్టేషనుకు పో అబ్బయ్యా" అనిరి. రెండవ ఠాణాలో, "ఎస్సైగారు బందోబస్తుకు పోయినారు, రేపు రా" అనిరి. మరునాడు మేమును అతనితో పోతిమి. "కాగితం రాసిచ్చి పో, చూస్తాం" అనిరి. అతడు వ్రాసి ఇచ్చెను. దానికి మారుగా ఏ కాగితమును అతని చేతికి రాలేదు. మేము ప్రభుత్వోద్యోగులమై యుండియు గట్టిగా అడుగలేకపోతిమి. ఆ మాట నేటికిని మమ్ము బాధించుచున్నది. వారము గడచిన పిమ్మట పోయి అడుగగా ఆ కాగితమే కనబడలేదు. మోటార్లు దొరకుట దొరకకపోవుట తరువాతి మాట. అసలు దొంగతనము జరిగినదనుటకే ఆధారము లేకపోయెను. అప్పిచ్చినవానికి గాని, గుంట యజమానికి గాని చూపుటకు అతని చేత చీటీ ముక్క లేదు.

ఈ కథలో దుష్టుడెవడు? అతనిని ఎవరును కొట్టలేదు, తిట్టలేదు, లంచమడుగలేదు. మర్యాదగనే మాట్లాడి పంపివేసిరి. అయినను అతనికి అన్యాయము జరిగినది. లోపము ఒక మనుష్యునిలో కంటె పద్ధతిలో నున్నది. ఎస్సైగారు లేనపుడు ఫిర్యాదు వ్రాసికొనువారెవరు? వ్రాసికొన్నదానికి గుర్తు ఏమి? వ్రాసికొనకున్నచో కనిపెట్టువారెవరు? మంచి అధికారి యున్నపుడు ఠాణా మంచిదగును, అతడు బదిలీయై పోయినచో మంచితనమును అతనితోనే బండి ఎక్కును. అధికారి మారినను పద్ధతి మారకుండ నిలుపుటకు చేయు ప్రయత్నమే యోగ్యతా గుర్తింపు.

ఇందు మూడు మెట్లు గలవు. మొదటిది, ఠాణా చేయవలసిన పనులను, చేయవలసిన తీరును వ్రాతలో పెట్టుట. రెండవది, ఆ వ్రాత ప్రకారము పని జరిగినట్లు పుస్తకములలో ఆనవాలు నిలుపుట. మూడవది, ఆ శాఖకు చెందని పరీక్షకులు వచ్చి, పుస్తకములను, లాకప్పును, స్వాధీనపు సొత్తులుంచు గదిని, వచ్చిపోవు జనమును చూచి, సరిగా నున్నచో కొంతకాలమునకు మాత్రమే పత్రమిచ్చుట. గడువు తీరినంతనే మరల పరీక్ష. పత్రము శాశ్వతము కాకపోవుటయే దాని బలము.

ఇది నిన్నటి ఆలోచన కాదు. ఇంగ్లండు దేశములో 1856 లో ఒక చట్టము చేసి, పోలీసు దళములను తనిఖీ చేయుటకు ఇన్స్పెక్టర్లను నియమించిరి. వారు ఒక దళము సమర్థమైనదని ధ్రువీకరించినచో, జీతములకు, దుస్తులకు అగు వ్యయములో నాలుగవ వంతును కేంద్ర ఖజానా భరించెడిది. 1874 లో దానిని సగమునకు పెంచిరి. పత్రమునకు పైకము ముడిపెట్టినందున స్థానికపాలకులు తమ దళములను చక్కదిద్దుకొనక తప్పలేదు.

మన జిల్లా ఆనాడు చెన్నరాజధానిలో నుండెను. అచ్చట 1859 లో జిల్లా పోలీసు చట్టము వచ్చినది. ఆ చట్టము ఠాణాలను, అధికారులను, క్రమశిక్షణను ఏర్పరచినదేగాని, ప్రజలకు జవాబుదారీ యను మాటను ముఖ్యముగా నెంచలేదు. పరిపాలించువారి అవసరమే దాని కేంద్రము. 1902-03 లో ఫ్రేజరు అధ్యక్షతను పనిచేసిన పోలీసు కమీషను, దేశములోని పోలీసు వ్యవస్థ శిక్షణలోను, తనిఖీలోను లోపభూయిష్టమై యున్నదనియు, ప్రజలు దానిని చూచి భయపడుచున్నారనియు నిష్కర్షగా చెప్పినది. స్వాతంత్ర్యానంతరము 1977 మొదలు 1981 వరకు పనిచేసిన జాతీయ పోలీసు కమీషను పలు సంస్కరణలను సూచించినది. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22 న సుప్రీంకోర్టు ఏడు ఆదేశములిచ్చి, పోలీసులపై ఫిర్యాదులు వినుటకు ప్రత్యేకాధికార సంస్థలను నెలకొల్పవలెనని శాసించినది.

అమెరికాలో 1979 లో నాలుగు పోలీసు సంఘములు కలిసి గుర్తింపు కమీషను నొకదానిని స్థాపించినవి. అందు చేరుట నిర్బంధము కాదు. చేరదలచిన శాఖ తన పనికి లిఖితపూర్వకమైన నియమములు పెట్టుకొనవలెను. పోలీసు బలప్రయోగము చేసినపుడెల్ల నివేదిక వ్రాయవలెను. స్వాధీనపు సొత్తులగదిని చెప్పకుండ వచ్చి తనిఖీ చేయవలెను. ఇట్టి నియమములు అందు అనేకములు కలవు. అయితే ఒక సత్యమును దాచరాదు. గుర్తింపు పొందిన శాఖలలోను అచ్చట పౌరులపై దౌర్జన్యములు జరిగినవి. గుర్తింపు వలన ఎంత మేలు కలిగినదను విషయమున పరిశోధకులును ఏకాభిప్రాయమునకు రాలేదు. కావున యోగ్యతాపత్రము సర్వరోగ నివారిణి యని మేము చెప్పము.

ఇక మన దేశపు సంగతి. మనకు అట్టి కమీషను లేదు, కాని దానికి దగ్గరవైనవి రెండు గలవు. మొదటిది ఐ.ఎస్.ఓ. 9001 అను అంతర్జాతీయ ప్రమాణము. దేశములో పలు ఠాణాలు ఈ పత్రమును పొందినవి. ఇందొక మెలకువ కావలెను. ఐ.ఎస్.ఓ. సంస్థ తాను స్వయముగా ఎవరికిని పత్రమియ్యదు, ధ్రువీకరణ సంస్థలు వేరుగా నుండును. ఆ సంస్థలను పరీక్షించి గుర్తించుటకు మన దేశములో భారత నాణ్యతా మండలి క్రింద జాతీయ గుర్తింపు మండలి యొకటి కలదు. పత్రము మూడు సంవత్సరములకు మాత్రమే చెల్లును, నడుమ ఏటేట తనిఖీ జరుగవలెను. కావున పటము కట్టిన పత్రమును చూచినంతనే చేతులు జోడింపక, ఇచ్చినదెవరు, గడువెంత యని చదువుట మంచిది.

రెండవది కేంద్ర హోంశాఖవారు ఏటేట ప్రకటించు ఉత్తమ ఠాణాల జాబితా. 2015 లో కచ్ ప్రాంతమున జరిగిన పోలీసు ఉన్నతాధికారుల మహాసభలో ఈ ఆలోచన పుట్టినది. ఆస్తి నేరములు, స్త్రీలపై నేరములు, బలహీనవర్గములపై నేరములు, తప్పిపోయినవారిని వెదకుట మొదలగు వానిలో ఠాణా చేసిన పనిని లెక్కించి, ఠాణా వసతులను, ప్రజల అభిప్రాయమును కూడ జోడించెదరు. 2017 సంవత్సరపు జాబితాలో హైదరాబాదులోని పంజగుట్ట ఠాణాకు దేశములో రెండవ స్థానము లభించినది. 2023 సంవత్సరమునకు రాజేంద్రనగర్ ఠాణా మొదటి స్థానము పొందినది. పట్టణములకే ఈ గౌరవమని తలపకుడు. 2020 లో దేశములోని 16,671 ఠాణాలలో ప్రథమస్థానము పొందినది మణిపురములోని నాంగ్‌పోక్ సెక్మాయి అను చిన్న ఠాణా. ఆ పదింటి జాబితాలోనే కరీంనగరు జిల్లా జమ్మికుంటయు కలదు. మేడలున్న ఠాణాయే మేలైన ఠాణా కానక్కరలేదని దీనివలన తేలుచున్నది.

ఇప్పుడు మీరు అడుగవచ్చును: "అయ్యా, పత్రమిచ్చువారు దేనిని కొలబద్దగా పెట్టుకొనవలెను?" కొత్త కొలబద్దను వెదకనక్కరలేదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది చాలవరకు వ్రాయబడియున్నది.

మోటార్లు పోయిన మన రైతునే తలచుకొనుడు. నేరము ఏ ఠాణా హద్దులో జరిగినను, ఏ ఠాణాకు పోయినను సమాచారమును వ్రాసికొనవలెను. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అందురు. "మా లిమిటు కాదు" అను మాటకు ఇక తావు లేదు. ఫోనుద్వారా, కంప్యూటరుద్వారా సమాచారమిచ్చినను చెల్లును, కాని ఇచ్చినవారు మూడు దినములలో సంతకము చేయవలెను. ప్రథమ సమాచార నివేదిక నకలును వెంటనే, ఉచితముగా ఫిర్యాదుదారునకు గాని బాధితునకు గాని ఇయ్యవలెను. మూడు మొదలు ఏడు సంవత్సరములలోపు శిక్షగల నేరములలో డి.ఎస్.పి. అనుమతితో ముందు విచారణ చేయవచ్చును. అయినను అది పదునాలుగు దినములలో ముగియవలెను. పరిశోధన ఎంతవరకు వచ్చినదో తొంబది దినములలో బాధితునకు తెలుపవలెను. ఠాణాలో వ్రాసికొననిచో సంగతిని కాగితముపై పెట్టి తపాలాద్వారా జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు పంపవచ్చును, ఆ మీదట మేజిస్ట్రేటు నాశ్రయింపవచ్చును.

సోదరీమణులు గమనింపవలసినవి మరికొన్ని. స్త్రీలపై జరుగు లైంగిక నేరములలో బాధితురాలి మాటను స్త్రీ అధికారియే వ్రాసికొనవలెను. సాక్ష్యము చెప్పుటకై స్త్రీలను, పదునైదేండ్లలోపు బాలురను, అరువదేండ్లు పైబడినవారిని, తీవ్రమైన జబ్బుతో నున్నవారిని ఠాణాకు రమ్మని నిర్బంధింపరాదు, పోలీసువారే ఇంటికి రావలెను. అరెస్టయినవారి పేర్లు, నేరములు ఠాణాలో అందరికి కనబడునట్లు ప్రకటింపవలెను. ఇల్లు సోదా చేయునపుడు వీడియో తీయవలెను. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి ఠాణాలో శబ్దముతో సహా దృశ్యమును పట్టు కెమెరాలను అమర్చవలెనని ఆదేశించినది. కెమెరా యున్నదా యని మాత్రమే కాక, పనిచేయుచున్నదా, దృశ్యములు భద్రముగ నున్నవా యని పరీక్షకుడు చూడవలెను.

ఠాణా ముంగిట తుప్పుపట్టుచున్న బండ్లు మీరందరు చూచినవే. కేసు తేలువరకు వాని చక్రములు నేలలో పూడిపోవును. కొత్త సంహిత ప్రకారము, కోర్టు ముందుంచిన సొత్తునకు పదునాలుగు దినములలో పట్టిక వ్రాయించి, ఫొటోలు తీయించి, ఆపై ముప్పది దినములలో దానిని ఏమి చేయవలెనో ఉత్తరువు ఇయ్యవలెను. చట్టములో ఉన్నదానికిని, ఠాణా ముంగిట ఉన్నదానికిని ఎంత దూరమో కొలిచి చెప్పుటయే యోగ్యతా పరీక్ష చేయవలసిన అసలు పని.

ఇక పొరపాట్లు. మూడింటిని చెప్పెదము. మొదటిది సున్నపు పూత. పరీక్షకుడు వచ్చు దినమున గోడలకు సున్నము, ద్వారమున పూలకుండీలు, మరునాటినుండి యథాప్రకారము. దీనికి మందు, చెప్పకుండ వచ్చు తనిఖీ. రెండవది, యోగ్యత లేనివారి చేత పత్రము పుచ్చుకొనుట. గడువును, ఇచ్చినవారిని చదివిన చాలును.

మూడవది అన్నిటికంటె ప్రమాదకరము. నేరముల లెక్క తక్కువగానున్న ఠాణాయే మంచిదని ఎంచినచో ఏమగును? ఠాణాలో ఫిర్యాదు వ్రాసికొనుట మానివేసెదరు! వ్రాయని దొంగతనము లెక్కకు రాదు, లెక్కకు రానిచో ఠాణాకు మార్కులు పెరుగును. మోటార్లు పోయిన రైతు ఆ లెక్కలో లేనే లేడు. కావున నేరములు తక్కువగా వ్రాసిన ఠాణాకు కాక, వచ్చిన ప్రతివానికి నకలిచ్చిన ఠాణాకు మార్కు లియ్యవలెను. రొయ్యలను తూచు తక్కెడ తప్పుదైనచో ఎంత మంచి పంటకును నష్టమే గదా! కొలబద్ద వంకరయైనచో కొలుచుట వలన మేలు కంటె కీడే యెక్కువ.

పోలీసు సోదరులు ఈ మాటలు విని తమపై నింద యని తలపరాదు. నియమము వ్రాతలో నున్నచో మొదట రక్షణ పొందునది కానిస్టేబులే. "ఫలానివాని కేసు వ్రాయవద్దు" అని ఒక పెద్దమనిషి ఫోను చేసినపుడు, "అయ్యా, నకలు ఇవ్వకపోతే తనిఖీలో దొరికిపోతాను" అని చెప్పుటకు అతనికి వీలు కలుగును. పరీక్ష వలన ప్రభుత్వపు బాధ్యతయు బయటపడును. ఎంతమంది సిబ్బంది ఉండవలెను, ఉన్నవారెందరు, మహిళా సిబ్బంది కలరా, మరుగుదొడ్డి, జీపు, విశ్రాంతి స్థలము కలవా యని పరీక్షకుడు వ్రాసినచో, ఆ లోటును తీర్చవలసినది ఏలినవారే. రాత్రి పగలు బందోబస్తులో నలిగిన మనిషి నుండి ఓర్పుగల సమాధానమును ఆశించుట న్యాయము కాదు.

తోటపల్లి గూడూరు మండలమునకు ఒకవైపు వరిపొలములు, ఒకవైపు రొయ్యల గుంటలు, తూర్పున కోడూరు తీరము. గుంటలమీద మోటార్లు, పడవలలో వలలు, రొయ్యలను కొని సొమ్ము చెల్లింపక పోవు వ్యాపారులు, తీరమునకు వచ్చి అలలలో చిక్కు పట్టణపు పిల్లలు – ఇట్టివి మీకు కొత్త గావు. ఇట్టిచోట ఠాణాపై నమ్మకము ఎంత అవసరమో మేము చెప్పనక్కరలేదు. ఆ నమ్మకమును పెంచుటలో మీ వంతు పని నాలుగు ప్రశ్నలు.

ఒకటి: నా ఫిర్యాదు నకలు ఏది? రెండు: నా కేసు చూచు అధికారి పేరేమి? మూడు: పరిశోధన ఎంతవరకు వచ్చినది? నాలుగు: ఈ ఠాణాను కడపట ఎవరు తనిఖీ చేసిరి, లోపములేవి వ్రాసిరి, వానిలో దిద్దినవి ఏవి?

ఈ ప్రశ్నలను కోపముతో కాక, విత్తనపు చీటీని చదివినంత సహజముగా అడుగుడు. ఒంటరిగా అడుగుటకు వెనుకాడువారు గ్రామసభలో పదిమందియు కలిసి అడుగుడు, ఎస్సైగారిని సభకు పిలిచి ఆయన ఇబ్బందులను కూడ వినుడు. మహిళాసంఘములవారు తమ సమావేశములలో నకలు సంగతి చెప్పుడు. ఫోనుద్వారా బ్యాంకు సొమ్ము పోయినపుడు ఆలస్యము చేయక 1930 నంబరునకు, ఆపద కలిగినపుడు 112 నంబరునకు చెప్పవలెనని పిల్లలకు నేర్పుడు. లాయరును పెట్టుకొనలేనివారు 15100 నంబరున ఉచిత న్యాయసహాయమును కోరవచ్చును.

మహాజనులారా! యోగ్యతాపత్రము మంచిదే. అది ఠాణాను తన మాటకు తాను కట్టుబడునట్లు చేయును, పైవారి కన్ను పడునట్లు చేయును, అధికారి మారినను పద్ధతిని నిలుపును. కాని ఆ పత్రము నిజమో కాదో కడపట తేల్చునది పరీక్షకుడు కాడు. అర్ధరాత్రి గుంటమీద మోటారు పోయి, తడిసిన పంచెతో ఠాణా మెట్లెక్కిన కౌలురైతు, తెల్లవారకముందే చేత నకలుతో మెట్లు దిగినచో, ఆ ఠాణాకు గోడమీద పత్రము లేకున్నను యోగ్యత కలదు. అతడు వట్టి చేతులతో దిగినచో, గోడనిండ పత్రములున్నను అవి పటములే. ఆనాడు మేము అడుగలేకపోయిన ప్రశ్నను ఇకమీదట మీరందరు అడుగవలెనని కోరుచున్నాము.